సంద్రం వైపు తలుపు

మునిగిపోయిన ఊరికి మళ్ళీ బస్సు వేస్తారంటే నమ్మేవాళ్ళెవరు? అయినా వేశారు. నలభై ఏళ్ళ కిందట సముద్రం మొగపాలేన్ని ఒక్కో వీధీ కోసుకుంటూ వచ్చి, చివరికి రామమందిరం మెట్లతో సహా మింగేసింది. ఇప్పుడా మింగినదాన్ని దానిచేతే కక్కించారు. కక్కించిన మనిషి వేరెవరో కాదు. ఆ మొదటి బస్సులో ముందు సీటులో కూర్చుని, కిటికీలోంచి వాంతి చేసుకుంటున్న ఏడేళ్ళ కూతురు జున్ను వీపు నిమురుతున్న నూకరత్నమే.

"సంద్రం సేత ఊరు కక్కించీసినావు గానీ, గుంట కక్కకుండా సూసుకోడం రానేదు నీకు," అని వెనక సీటు ముసలమ్మలు మేలమాడారు. నూకరత్నానికీ నవ్వొచ్చింది. పెద్ద చదువులు చదివి, పేరు ముందు డాక్టరు తగిలించుకున్న మనిషి కాబట్టి ఆ బస్సులో ఎవరైనా ఆమెని గౌరవంగా చూశారనుకుంటే పొరపాటే. వాళ్ళకి ఆమె ఎల్లాజీ కూతురు, అంతే.

ఆ ఎల్లాజీ అయితే సీటులో కూర్చుంటే ఒట్టు. డెబ్భై దాటిన మనిషి బస్సు తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని వేలాడుతూ, "అదిగో గాలి మారింది! ఉప్పుగాలి! ఓరి డ్రైవరు బాబూ, బేగి పోనీరా!" అని ఒకటే అరుపులు. బస్సు ఆగీ ఆగకముందే దూకేశాడు. పంచె ఎగ్గట్టి, ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తి, కట్టుబట్టలతో నీళ్ళలో కూలబడ్డాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఒడ్డునున్నవాళ్ళకి తెలీలేదు. రెండూనేమో.

పాత ఊరేమీ పైకి తేలలేదు లెండి. ఇళ్ళు ఏనాడో అలల్లో కరిగిపోయాయి. తేలింది నేల. దాని మీద కొత్తగా పెంకుటిళ్ళు కట్టారు, గుమ్మాలన్నీ సముద్రం కేసి. జున్ను మూతి తుడుచుకుంటూ తల్లి చెయ్యి పట్టుకుని ఒడ్డు దాకా వచ్చింది. కాళ్ళ కిందికి నీళ్ళు రాగానే వెనక్కి జరిగింది.

"ఇదేంటమ్మా?"

"సంద్రం."

"కాదు," అంది జున్ను, లెక్క తప్పు చెప్పిన పిల్లని సరిదిద్దినట్టు. "ఇది కాదు."

అందరూ గొల్లుమన్నారు. "ఓలమ్మీ, ఇది కాకపోతే మరేటే!" అని నీళ్ళలోంచి ఎల్లాజీ కేకేశాడు. పాపం కొత్త కదా, నాలుగు రోజులు పోతే అదే అలవాటు పడుతుందిలే అనుకుంది నూకరత్నం. పిల్ల మాటకి అంతకంటే విలువిచ్చినవాళ్ళు ఆ రోజు ఎవరూ లేరు.

*

ఈ నేలని తెచ్చింది సిమెంటూ కాదు, రాళ్ళ గోడా కాదు. చిటికెన వేలంత కూడా లేని ఒక పురుగు. సముద్రం అడుగున ఇసుక రేణువుల్ని ఉమ్మితో అంటించుకుని గూడు కట్టుకునే జాతి. తీర పరిశోధన కేంద్రంలో నూకరత్నమూ, ఆమె తోటివాళ్ళూ కలిసి దాని పుట్టుకనే మార్చారు. ఉమ్మిలో జిగురు పెంచారు. బురదనీళ్ళకి బెదరకుండా చేశారు. తాళ్ళకు పట్టించి మొగపాలెం ఎదురుగా సముద్రంలో దించారు. గూటి మీద గూడు కట్టుకుంటూ పన్నెండేళ్ళకి కొడవలి వంపులో గట్టు లేచింది. దాని వెనక అలలు నెమ్మదించాయి, ఇసుక దిగింది, నేల పైకొచ్చింది. కాగితాల మీద దానికేదో నోరు తిరగని పేరుంది. చేపల వేటకెళ్ళేవాళ్ళు అంటుపురుగు అన్నారు. నూకరత్నం కూడా ఆ పేరే వాడుతుంది.

ఊరు చేరిన వారానికి ఆమె తండ్రిని తెప్ప మీద గట్టు దాకా తీసుకెళ్ళింది. తెడ్డు వేసింది బైరాగి. నూకరత్నాన్ని అప్పా అని పిలిచే వరస తమ్ముడు, కాలనీలో పుట్టి ఇక్కడికొచ్చాకే వేట నేర్చుకుంటున్న కుర్రాడు. ఆమె నీళ్ళలోకి మైకు దించి, చెవులకు పెట్టుకునే డిప్పలు తండ్రికి తగిలించింది.

"ఏటినిపిస్తంది అయ్యా?"

ఎల్లాజీ కళ్ళు మూసుకున్నాడు. "ఎవులో పేలాలు ఏపుతన్నారు."

"అవే నీ ఊరిని పట్టుకున్నాయి. ఒక్కోటీ గూట్లో కదిలే చప్పుడు అది. ఆ చప్పుడున్నన్నాళ్ళూ ఊరుంటాది."

ఎల్లాజీ ఎంతకీ ఆ డిప్పలు తియ్యలేదు. బైరాగి మాత్రం తెడ్డు ఒళ్ళో పెట్టుకుని గొణుగుడు మొదలెట్టాడు. "అంతా బాగుంది గానీ, ఇంజను లేని వేటేటప్పా? భుజాలు ఊడిపోతన్నాయి. పక్కూరోళ్ళు మమ్మల్ని సూసి నవ్వుతన్నారు. ఒక్క సిన్నింజను ఎట్టుకోనీ, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఒక్కటి చాలురా, మొత్తం పోడానికి," అంది నూకరత్నం.

అది బెదిరింపు కాదు. ఆ పురుగుకి పగ్గం వేసింది ఆమే. గట్టు పెరిగి పెరిగి ఏరు సముద్రంలో కలిసే మొగని మూసేస్తే, చేపల దారికి అడ్డమొస్తే, దాన్ని ఆపడం ఎలాగని కేంద్రంలో పెద్ద చర్చ జరిగింది. ఒకాయన మందు చల్లుదామన్నాడు. నూకరత్నం ఒప్పుకోలేదు. ఇంజను మోత నీళ్ళలోంచి వినబడితే పురుగు తన జిగురుని తనే కరిగించుకుని గూడు వదిలేసేలా చేద్దామంది. వదిలేటప్పుడు అది చేసే చప్పుడు కూడా అలాంటిదే, కాబట్టి పక్క పురుగు విని అదీ వదిలేస్తుంది. మొదలైతే ఇక ఆగదు. ఇంజను లేని ఊరెక్కడైనా ఉందా, అంత మామూలు చప్పుడు పెడతారా ఎవరైనా అని తోటివాళ్ళు తల బాదుకున్నారు. అందుకే పెట్టానంది ఆమె. ఆపాల్సిన రోజు వస్తే ఆ పని మా బీరువాలో మందు చెయ్యకూడదు, అక్కడ బతికే మనిషి చెయ్యాలి అని వాదించి నెగ్గింది. అప్పట్నుంచి మొగపాలెం ముందు ఇంజను పడవలు నిషిద్ధం.

ఎల్లాజీ డిప్పలు తీసి, కూతురు చెప్పిందంతా విని, "అలగెందుకు ఎట్టినావే?" అన్నాడు.

"నువ్వే కదా నేర్పింది. పడవ కట్టినప్పుడు ఒక్క లాగుకి ఊడొచ్చే ముడే ఎయ్యాలని. తుపానొచ్చినప్పుడు ముడితో కుస్తీ పడతా కూకోకూడదని."

"నా కూతురే!" అని ఎల్లాజీ బైరాగి వీపు మీద ఒక్కటి చరిచాడు, దెబ్బ ఎందుకు పడిందో వాడికి అర్థం కాలేదు. "తెడ్డెయ్యరా, కండలు పెరుగుతాయి."

*

ఇల్లంటే ఎల్లాజీకి ముందు గుమ్మం. వేట మీద బతికే పల్లెవాళ్ళ ఇల్లు సముద్రాన్ని చూడాలి. వేటకెళ్ళిన తెరచాప ఇంట్లోంచే ఆడవాళ్ళకి కనబడాలి. ఆ రోజుల్లో వీళ్ళని లారీల మీద తీసుకెళ్ళి కొండల పక్కన కాలనీలో పడేసినప్పుడు అక్కడి ఇళ్ళన్నిటికీ గుమ్మం రోడ్డువైపు పెట్టారు. ఎల్లాజీ మూడో రోజే గునపం పుచ్చుకుని వెనక గోడ పొడిచేశాడు. సర్కారు గోడ పొడుస్తావా అని ఆఫీసరొచ్చి గంతులేశాడు. "అటేపు సంద్రం ఉన్నాది బాబూ," అన్నాడు ఎల్లాజీ. అరవై కిలోమీటర్ల అవతల ఉంది మరి. అతన్ని చూసి వీధి వీధంతా వెనక గోడలు పొడిచి తలుపులు పెట్టుకున్నారు. దాన్ని సంద్రం తలుపన్నారు. ఇక్కడ కొత్త ఇంట్లో గుమ్మం మీద చెయ్యేసి, ఎదురుగా నీళ్ళు చూస్తూ ఎల్లాజీ పొద్దున్నించీ సాయంత్రం దాకా అక్కడే కూర్చునేవాడు. అన్నం కూడా అక్కడికే తెమ్మనేవాడు.

నూకరత్నం సంగతి వేరు. లారీ ఎక్కేనాటికి ఆమె ఆరునెలల పిల్ల. ఆమెకి మొగపాలెం అంటే తండ్రి మాటలే. ఎక్కడ ఎవరిల్లు, ఏ గట్టు దగ్గర వలలు ఆరేసేవాళ్ళు, ఏ చేప ఏ నెలలో వచ్చేది, అన్నీ కళ్ళకి కట్టినట్టు తెలుసు. తీరా వచ్చాక ఇక్కడ ఆమెకి నిద్ర పట్టడం లేదు. అలల హోరు తల దిమ్మెక్కిస్తోంది. ఊరు తెచ్చిన మనిషికే ఊళ్ళో నిద్ర పట్టకపోతే ఎవరితో చెప్పుకుంటుంది? నోరు మూసుకుని మైకు పట్టుకుని పురుగుల చప్పుడు వింటూ కూర్చునేది. జున్ను తండ్రి ఓడ మీద ఉద్యోగంలో ఏడాదికోసారి కనబడే మనిషి, అతనితో ఫోనులో కూడా ఈ మాట అనలేదు.

జున్ను అయితే పొద్దున్న లేవగానే ఒకటే అడుగుతుంది. "తాతా, ఇంటికెప్పుడెళ్తాం?"

"ఇదే ఇల్లు కదే తల్లీ."

"ఇది చుట్టాలూరు," అనేది జున్ను. "ఇంటికెప్పుడు?"

ఎల్లాజీ ముఖం వాడిపోయేది. పిల్లకి పీతల్ని చూపించాడు, ఇసుకలో గవ్వలు ఏరిచ్చాడు, అలలో కూర్చోబెట్టి ఎత్తుకున్నాడు. అది ఏడ్చి గోలపెట్టి నడిరోడ్డు దాకా పరిగెత్తింది. నలభై ఏళ్ళు ఆశపెట్టుకున్న ముసలాడికి తన మనవరాలు సముద్రాన్ని వెలివేయడం కంటే బాధ ఇంకేముంటుంది? పైకి మాత్రం, "ఒగ్గీండర్రా, అదే వొస్తాది. సంద్రం పిలిస్తే రానోళ్ళు ఎవులున్నారు," అనేవాడు.

*

ఆ రోజు మధ్యాహ్నం నూకరత్నం గట్టు అవతలి కొసన తెడ్డు పడవలో ఉంది. ఫోను మోగింది.

"నూకాలూ!" తండ్రి గొంతు పొంగిపోతోంది. "నీ కూతురు సంద్రానికెల్నాదే! అదే వొచ్చి, తాతా సంద్రానికెల్లొస్తానని సెప్పి మరీ ఎల్నాది! నానేటి సెప్పినాను? వొస్తాదని సెప్పినానా నేదా?"

"ఒక్కతినే పంపించావా?"

"మనూరే కదేటి. నీళ్ళ ఒడ్డునే ఆడుకుంటాది. నాను గుమ్మంలోంచి సూస్తన్నాను," అన్నాడు. సంతోషంలో ఆ చూడ్డం మర్చిపోయాడు. వీధిలో కనబడ్డ ప్రతివాడికీ ఈ కబురు చెప్పడానికి వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే ఒడ్డున జున్ను లేదు.

నూకరత్నం ఒడ్డు చేరేసరికి ఊరంతా ఇసుకలో ఉంది. ఆడవాళ్ళు జున్నూ, జున్నూ అని అరుస్తున్నారు. మగవాళ్ళు నడుంలోతు నీళ్ళలో వరసగా చేతులు పట్టుకుని అడుగు తడుముతున్నారు. తెప్పలన్నీ దిగాయి. గాలి ఒడ్డునుంచి లోపలికి కొడుతోంది, నీటి ఒరవడి దక్షిణానికి లాగుతోంది. తెడ్లతో ఎంత దూరం పోతారు? ఎల్లాజీ మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి సముద్రం కేసి రెండు చేతులూ చాచి, "ఇచ్చీయే తల్లీ, ఇచ్చీయే," అంటున్నాడు. ఆ మాట తప్ప ఇంకో మాట లేదు.

బైరాగి రొప్పుతూ నూకరత్నం దగ్గరకొచ్చాడు. తుపానొస్తే జనాన్ని దాటించడానికని ఏటి పాయలో రెండు ఇంజను పడవలు టార్పాలిన్ గుడ్డ కప్పి ఉంచారు. వాటి తాళాలు ఎప్పుడూ ఆమె నడుముకే ఉంటాయి.

"అప్పా. తెడ్లతో అవదప్పా."

అతను తాళాలు అడగలేదు. అడగక్కర్లేదు. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఆ తాళాల సంగతి తెలుసు. నూకరత్నం చెయ్యి నడుము మీదికి పోయింది, అక్కడ ఆగింది. ఎందుకాగిందో ఆ తరవాత ఎన్నిసార్లు తనని తాను తిట్టుకుందో లెక్కలేదు. ఆమె తండ్రి కేసి చూసింది. ఈయన నలభై ఏళ్ళు ఎదురుచూసిన ఊరు, అనుకుంది.

ఎల్లాజీ ఆ చూపు పట్టేశాడు. నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చి ఆమె భుజం పట్టి ఊపేశాడు. "నా కేసి ఏటి సూస్తన్నావే? ఊరు కేసి సూస్తన్నావేటి? పిల్లే! మన పిల్లే! ఇచ్చీ తాళాలు!"

ఆమె ఇచ్చింది. రెండు ఇంజన్లూ ఒక్క లాగుకే అందుకున్నాయి. పడవలు పాయలోంచి దూకి గట్టు పక్కనుంచి దక్షిణానికి పోయాయి. ఒడ్డున ఒక్కరంటే ఒక్కరు అయ్యో అనలేదు. పోయిన నేల గురించి ఆ క్షణాన ఎవరికీ ధ్యాస లేదు, ఆ సంగతి నూకరత్నం చచ్చేదాకా మర్చిపోదు.

పొద్దు వాలేదాకా వెతికారు. ఇంజన్ల మోత రావడం, పోవడం. గట్టు పొడుగునా నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. ఆమె అటు చూడలేదు.

*

అప్పుడు రోడ్డు మీద ఆటో ఆగింది.

డ్రైవరు ఎవరో, ఈ ఊరివాడు కాదు. తల బయటికి పెట్టి, "ఏవండీ, ఈ గుంట మీదేనేటి?" అన్నాడు. వెనక సీటులో కాళ్ళు ఊపుకుంటూ, బిస్కెట్టు కొరుకుతూ జున్ను కూర్చునుంది.

నూకరత్నం ఎలా పరిగెత్తిందో తెలీదు. పిల్లని బయటికి లాగి వీపు మీద ఒక్కటేసింది. ఆ చేత్తోనే గుండెలకి అదుముకుని ఇసుకలో చతికిలబడింది. వెనకనుంచి ఎల్లాజీ వచ్చి ఇద్దరి మీదా పడ్డాడు. ఆటోవాడికి అంత జనం, అంత ఏడుపు ఎందుకో బోధపడలేదు.

"జంక్షను కాడ ఒక్కర్తీ నడిచెల్లిపోతందండి," అన్నాడు. "ఎక్కడికే అంటే సంద్రానికి అంటాది. సంద్రం నీ ఎనకాలున్నాది కదే, ఇటు కాదే అన్నాను. అది కాదంట. జీడిసెట్లున్న సంద్రమంట! ఉడతలుంటాయంట దాన్లో. బుర్రేటైనా తిరిగిందేటో అనుకున్నాను. దీని నోట మొగపాలెం మాట వినబడితే ఇటు తెచ్చినాను."

నూకరత్నానికి ఏడుపు ఆగిపోయింది.

సంద్రం తలుపు తీస్తే కాలనీలో ఏం కనబడుతుంది? జీడితోట. కొండ వాలు దాకా ఎర్రమట్టిలో జీడిచెట్లు. పొద్దున్నే ఆ తలుపు తీసి పెద్దవాళ్ళు అటు చూపించి, అదిగో సంద్రం అటేపే, మనది సంద్రమే, మనం సంద్రం పిల్లలమే అని చెప్తే, పిల్లలు తలుపులోంచి ఏం కనబడితే దానికి ఆ పేరు పెట్టుకున్నారు. సంద్రానికి పోదాం రండి అంటే తోటకి పోదాం అని. కొమ్మ మీద కూర్చుంటే పడవెక్కినట్టు. రాలిన జీడిపళ్ళు ఏరితే వేట. ఒక్క జున్నే కాదు, కాలనీలో పుట్టి పెరిగిన ప్రతి పిల్లకీ సంద్రం అదే. నూకరత్నానికీ అదే. బడివాళ్ళు మొదటిసారి విశాఖపట్నం తీసుకెళ్ళి అసలు సముద్రం చూపిస్తే, ఇందులో చెట్లేవి సార్ అని అడిగిన పిల్ల తను!

ఎలా మర్చిపోయింది? పన్నెండేళ్ళుగా ఆ నీళ్ళలో పురుగుల్ని పెంచుతూ పెంచుతూ తన సంద్రాన్ని వదిలేసి తండ్రి సంద్రంలోకి వచ్చేసింది. ఫోనులో ఆ మాట తండ్రి నోటినుంచి వచ్చింది. తండ్రి నోట్లో దానికి ఒకటే అర్థం. పిల్ల నోటినుంచి వినుంటే ఒక్క క్షణంలో తెలిసేది. ఒక్క మాటకి, అదీ తన మాటకే, ఊరు పోయింది.

ఇసుకలో కూర్చున్నచోటే సంచిలోంచి డిప్పలు తీసి చెవులకి పెట్టుకుంది. గట్టు పక్కన మైకు ఇంకా నీళ్ళలోనే ఉంది. పేలాల చప్పుడు లేదు. ఎక్కడో ఒకటి, ఇంకెక్కడో ఒకటి, అంతే. వింటూండగానే అవీ ఆగాయి.

*

వానాకాలం పెద్ద అలలు లేచేలోగా ఖాళీ చెయ్యమని పరిశోధన కేంద్రం నుంచి కబురొచ్చింది. మళ్ళీ విత్తనం వేస్తే గట్టు మళ్ళీ లేస్తుంది, కానీ మళ్ళీ పన్నెండేళ్ళు. కాలనీలో ఇళ్ళు తాళాలేసి ఉన్నాయి కనుక తలదాచుకోవడానికి ఇబ్బంది లేదు. నూకరత్నాన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. బైరాగి అయితే వచ్చి, "అప్పా, నువ్వు మళ్ళీ ఎయ్యి. తాళ్ళు నాను పట్టుకుంటాను. ఇప్పుడు తెడ్డు ఎయ్యడం వొచ్చీసింది నాకు," అన్నాడు. అతనంతకు ముందు అడిగిన ఇంజను మాట మళ్ళీ ఎత్తలేదు. ఆమెకి అందరూ తిట్టినా బాగుండుననిపించింది.

జున్నుకి ఎవరు చెప్పారో ఏమో. పిల్లలే చెప్పుంటారు. సామాన్లు సర్దుతుంటే వచ్చి తాత పక్కన నిలబడింది. "తాతా, నా వల్ల మీ ఊరు పోయిందంట."

ఎల్లాజీ చేతిలో మూట కింద పెట్టాడు. పిల్లని ఒళ్ళోకి లాక్కున్నాడు. "ఎవులన్నారే? నీ వల్ల కాదు. సంద్రం అంటే ఏటో నానడగనేదు, నువ్వు సెప్పనేదు. ఇద్దరిదీ తప్పే. నాది ఇంకాస్త పెద్దది, నాను నీకంటే పెద్దోణ్ణి కాబట్టి."

"ఏడుస్తున్నావా?"

"ఏడుస్తాను మరి. నా ఊరు కదేటి." నిజంగానే ఏడ్చాడు, దాచుకోలేదు. కొంతసేపయ్యాక పంచె చెంగుతో ముక్కు తుడుచుకుని కూతురి కేసి తిరిగాడు. "నూకాలూ, నువ్వు మళ్ళీ ఇత్తనం ఎయ్యి. నా కోసం కాదు, నానుండను. దీనికి కావాలంటే వొస్తాది. వొద్దంటే సుట్టాలూరని నాలుగు రోజులు ఉండి పోతాది. దానిష్టం."

"నాకిక్కడ నిద్ర పట్టలేదయ్యా," అంది నూకరత్నం. ఆ మాట ఇన్నాళ్ళకి ఎందుకొచ్చిందో ఆమెకే తెలీదు. "వచ్చిన రోజు నుంచీ. నీకు చెప్పలేదు."

ఎల్లాజీ ఆమె తల మీద చెయ్యేశాడు. "నాకూ అక్కడ పట్టనేదే," అన్నాడు. "నలభై ఏళ్ళు. మీకెవులికీ సెప్పనేదు." ఇద్దరికీ నవ్వొచ్చింది. ఏడుపులో నవ్వితే ఎక్కిళ్ళొస్తాయి కదా, ఎల్లాజీకి అవి ఎంతకీ తగ్గలేదు. జున్ను చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

*

కాలనీలో బస్సు దిగేసరికి ఎండ చల్లబడింది. జున్ను ఇంటి తాళం తీసేదాకా కూడా ఆగలేదు. తాత చెయ్యి పట్టుకుని ఇళ్ళ పక్కనుంచి వెనకవైపుకి లాక్కుపోయింది. నూకరత్నం మూటలు కింద పడేసి వాళ్ళ వెనకే నడిచింది. నలభై ఏళ్ళలో ఎల్లాజీ ఆ తోటలో ఒక్క అడుగు పెట్టలేదు. పిల్లలు దాన్ని సంద్రమంటుంటే చెవులు మూసుకునేవాడు, తన సముద్రాన్ని ఎవరో వెక్కిరిస్తున్నట్టుండేది అతనికి. నలుగురితో పాటు జీడిపిక్కల కూలికి పోతే నాలుగు డబ్బులొచ్చే రోజుల్లో కూడా పోలేదు. కూతురు చిన్నప్పుడు రమ్మని ఎన్నోసార్లు చెయ్యి లాగింది. పని ఉందే అని విడిపించుకునేవాడు.

తోట అంచున అతను ఆగిపోయాడు. కొండ మీంచి గాలి దిగుతోంది. చెట్లన్నీ ఒకదాని తరవాత ఒకటి ఊగుతుంటే ఆకుల హోరు దగ్గరికొచ్చి, దూరం పోతోంది. నూకరత్నానికి ఆ చప్పుడు చెవిన పడగానే కళ్ళు మూతలు పడ్డాయి, అంత నిద్ర ముంచుకొచ్చింది. కష్టపడి తెరిచి తండ్రి కేసి చూసింది. ఆయన చెప్పులు విడిచాడు. వంగి, వేటకి దిగేముందు నీళ్ళు తాకినట్టు ఎర్రమట్టిని రెండు వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నాడు. అయినా కాలు కదపలేదు.

జున్ను రెండడుగులు లోపలికి వేసి వెనక్కి తిరిగింది. తాత ముఖం చూసి మళ్ళీ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"భయపడకు తాతా," అంది. "ఇక్కడ లోతుండదు."

ఎల్లాజీ మనవరాలి చెయ్యి పట్టుకుని దిగాడు.